మూత్రంలో ఎల్‌ఎస్‌డీ: కిట్‌లో పాజిటివ్, ఎల్‌సీ-ఎమ్‌ఎస్‌లో ఖాళీ. తేడా ఎక్కడ వస్తోంది?

టాక్స్‌బెంచ్

నమస్తే అండి. మూత్రంలో ఎల్‌ఎస్‌డీ (భ్రాంతులు కలిగించే మత్తుమందు) నిర్ధారణకి ట్రిపుల్ క్వాడ్ మీద (ఎల్‌సీ-ఎమ్‌ఎస్, అంటే కాలమ్‌లో పదార్థాలని విడదీసి అణువుల బరువుతో గుర్తుపట్టే పరికరం) పద్ధతి పెడుతున్నాం. కొన్ని చిక్కులు ఎంతకీ తేలడం లేదు. చేస్తున్నదంతా రాస్తున్నాను, చూసి చెప్పండి.

శాంపిల్ 1 మి.లీ., మామూలు గాజు ట్యూబులో. ఇంటర్నల్ స్టాండర్డ్ (ఐఎస్, పోల్చడానికి ప్రతి శాంపిల్‌లో తెలిసిన మోతాదులో వేసేది) ఎల్‌ఎస్‌డీ-డీ3, అంటే బరువైన హైడ్రోజన్‌తో లేబుల్ చేసిన ఎల్‌ఎస్‌డీ, మి.లీ.కి 5 నానోగ్రాములు వచ్చేలా. సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 10 దాటించి, 4 మి.లీ. బ్యూటైల్ క్లోరైడ్ పోసి పది నిమిషాలు తిప్పి, సెంట్రిఫ్యూజ్ చేసి, పై పొర తీసుకుంటున్నాం. దాన్ని 60 డిగ్రీల దగ్గర నైట్రోజన్ కింద ఆరబెట్టి, 100 మైక్రోలీటర్ల మెథనాల్‌లో కరిగించి, అందులో 10 మైక్రోలీటర్లు ఇంజెక్ట్ చేస్తున్నాం. సి18 కాలమ్, 50 మి.మీ. పొడవు, రన్ మొత్తం 3 నిమిషాలు. చూసే ట్రాన్సిషన్ (324 బరువున్న అయాన్ విరిగి 223 ముక్క ఇవ్వడం) 324 నుంచి 223 ఒక్కటే.

చిక్కులు ఇవి. లో క్యూసీ (పద్ధతిని సరిచూసే తక్కువ మోతాదు నమూనా) మి.లీ.కి 0.05 నానోగ్రాములు. పొద్దున బాగానే ఉంటుంది, అదే వయల్ సాయంత్రం మళ్ళీ ఇంజెక్ట్ చేస్తే పీక్ నాయిస్‌లో కలిసిపోతోంది. ఎల్‌ఎస్‌డీ పీక్‌కి కుడిపక్క భుజంలా ఇంకోటి లేస్తోంది, అది ఒక బ్యాచ్‌లో పెద్దగా, ఇంకో బ్యాచ్‌లో చిన్నగా ఉంటోంది. ఇంటర్నల్ స్టాండర్డ్ మాత్రమే వేసిన బ్లాంక్‌లో కూడా ఎల్‌ఎస్‌డీ చోట చిన్న పీక్ కనబడుతోంది. వీటన్నిటికన్నా పెద్ద సమస్య: ఇమ్యునోఎస్సే కిట్‌లో (యాంటీబాడీలతో చేసే తొలి పరీక్ష) మి.లీ.కి 0.5 నానోగ్రాముల కటాఫ్ దాటిన శాంపిల్స్ కొన్ని ఎల్‌సీ-ఎమ్‌ఎస్‌లో పూర్తిగా ఖాళీగా వస్తున్నాయి.

ఓ-హెచ్-ఎల్‌ఎస్‌డీ (శరీరం ఎల్‌ఎస్‌డీని మార్చగా వచ్చే మెటబొలైట్) కూడా పెట్టమని కొందరంటున్నారు. ఆ స్టాండర్డ్‌కి అయ్యే ఖర్చుకి తగిన లాభం ఉంటుందా?

పీక్‌షేప్

ముందు పీహెచ్, వేడి సంగతి చూద్దాం. మీ భుజం పీక్ వచ్చేది అక్కణ్ణుంచే.

ఎల్‌ఎస్‌డీ అణువులో 8వ కార్బన్ దగ్గరున్న హైడ్రోజన్ క్షారంలో సులువుగా ఊడి, మళ్ళీ అవతలివైపు నుంచి అతుక్కుంటుంది. అలా తయారయ్యేదే ఐసో-ఎల్‌ఎస్‌డీ. బరువు అదే, 324 అదే, ముక్కలు కూడా దాదాపు అవే. అందుకే మాస్ స్పెక్ట్రోమీటర్ ఆ రెంటినీ వేరు చేయలేదు, ఆ పని కాలమే చేయాలి. క్షార మూత్రాన్ని ఎక్కువసేపు వేడిలో ఉంచితే ఎల్‌ఎస్‌డీలో 10 నుంచి 15 శాతం దాకా ఇలా మారిందని 1998లో వచ్చిన నిల్వ పరిశోధన చూపించింది. మీరు సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 10 దాటిస్తున్నారు, ఆపైన 60 డిగ్రీల్లో ఆరబెడుతున్నారు. ఒక బ్యాచ్ ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది, ఇంకోటి నలభై తీసుకుంటుంది. భుజం ఒకసారి పెద్దగా, ఒకసారి చిన్నగా కనబడేది అందుకే. పైగా వీధిలో దొరికే సరుకులోనే ఐసో కొంత ఉంటుంది కాబట్టి, ఆ పీక్‌లో మీ చేతి వల్ల వచ్చిందెంత, శాంపిల్‌లోంచి వచ్చిందెంత అని తర్వాత ఎవరూ విడదీయలేరు.

నా సలహా, సోడియం హైడ్రాక్సైడ్ సీసా పక్కన పెట్టేయండి. ద్రవ సంగ్రహణే కావాలంటే పీహెచ్ 9 దగ్గర అమ్మోనియం కార్బొనేట్ బఫర్ చాలు. ఎల్‌ఎస్‌డీ పీకేఏ (సగం అణువులు ధనావేశం వదిలేసే పీహెచ్) 7.8 దరిదాపుల్లో ఉంటుంది, అంతకన్నా పైకి పోయి సాధించేదేమీ లేదు. కానీ ఓ-హెచ్-ఎల్‌ఎస్‌డీ పెట్టే ఉద్దేశం ఉంటే (పెట్టాలి, ఎందుకో కింద ఎవరో ఒకరు లెక్కలతో చెబుతారు) బ్యూటైల్ క్లోరైడ్ పనికిరాదు. దానికి ధ్రువత్వం ఎక్కువ, సగానికి సగం నీళ్ళలోనే ఉండిపోతుంది. మిక్స్‌డ్ మోడ్ కాటయాన్ ఎక్స్‌ఛేంజ్ కార్ట్రిడ్జ్‌కి మారండి.

మూత్రం 2 మి.లీ., దానికి 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్ పీహెచ్ 6 మరో 2 మి.లీ. ఈ పీహెచ్‌లో ఎల్‌ఎస్‌డీ, దాని మెటబొలైట్ రెండూ ధనావేశంతో ఉంటాయి కాబట్టి రెజిన్‌ని గట్టిగా పట్టుకుంటాయి. కార్ట్రిడ్జ్‌ని మెథనాల్, నీళ్ళు, అదే బఫర్ వరసలో తడిపి, శాంపిల్‌ని నిమిషానికి 1 మి.లీ. మించకుండా దింపండి. తొందరపడి వాక్యూమ్ పెంచితే మొదట పోయేది లో క్యూసీయే. తర్వాత నీళ్ళు, 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం, మెథనాల్‌తో కడగండి. మెథనాల్ కడుగు మానేయకండి, మూత్రంలోని రంగు చాలావరకు దానితోనే పోతుంది. అయిదు నిమిషాలు పూర్తి వాక్యూమ్ మీద ఆరనిచ్చి, 2 శాతం అమ్మోనియా కలిపిన డైక్లోరోమీథేన్-ఐసోప్రొపనాల్ మిశ్రమంతో దించుకోండి. నిష్పత్తి 78:20:2. ఈ మిశ్రమం ఏరోజుకారోజు కలుపుకోవాలి. నిన్నటి సీసాలో అమ్మోనియా ఎగిరిపోయి ఉంటుంది, రికవరీ పడిపోతుంది, మీరేమో కార్ట్రిడ్జ్ లాట్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు. ఆరబెట్టడం 40 డిగ్రీలు దాటకూడదు. ఆరిన వెంటనే ట్యూబు తీసేయాలి, ఎండిన ట్యూబు మీద నైట్రోజన్ కొడుతూ వదిలేయొద్దు.

మళ్ళీ కరిగించడానికి నికరమైన మెథనాల్ వద్దు. 2.1 మి.మీ. కాలమ్ మీద 10 మైక్రోలీటర్ల మెథనాల్ పడితే ముందొచ్చే పీకులు చెదిరిపోతాయి, ఓ-హెచ్-ఎల్‌ఎస్‌డీ వచ్చేది అక్కడే. 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లం ఉన్న నీళ్ళు 90, ఎసిటోనైట్రైల్ 10 పాళ్ళలో కరిగించండి.

కాలమ్ కనీసం 100 మి.మీ. ఉండాలి, గ్రేడియంట్ నెమ్మదిగా ఎక్కాలి. సి18 అయినా బైఫినైల్ అయినా ఫరవాలేదు. మూడు నిమిషాల రన్‌లో ఎల్‌ఎస్‌డీ, ఐసో-ఎల్‌ఎస్‌డీ విడిపోవడం కష్టం. ఇంకో సంగతి: లాంపా అని మరో ఐసోమర్ ఉంది, డైఇథైల్ బదులు మిథైల్-ప్రొపైల్ అమైడ్. దాని బరువు కూడా 324 దగ్గరే పడుతుంది. ఎల్‌ఎస్‌డీ, ఐసో, లాంపా మూడూ కలిపిన స్టాండర్డ్‌ని రోజూ బ్యాచ్ మొదట్లో ఒకసారి కొట్టండి. మూడు పీకులు బేస్‌లైన్ దాకా విడిపోతేనే బ్యాచ్ మొదలుపెట్టాలి. ఏది ముందు వస్తుందో కాలమ్‌ని బట్టి మారుతుంది, పేపర్లో చూసిన వరసని నమ్మొద్దు.

ఒక్క ట్రాన్సిషన్‌తో నిర్ధారణ అనిపించుకోదు. 324 నుంచి 223 లెక్కకి, 324 నుంచి 208 గుర్తింపుకి. డీ3కి 327 నుంచి 226. మెటబొలైట్‌కి 356 నుంచి 237, 222. దానికి 356 నుంచి 338 చాలా బలంగా కనబడుతుంది, చూసి మురిసిపోకండి. అది నీళ్ళు ఊడిన ముక్క, మూత్రంలో ఇంకెన్నో పదార్థాలు అలాంటి నష్టాన్నే చూపిస్తాయి.

ఇక బ్లాంక్‌లో పీక్. అది కాలుష్యం కాకపోవచ్చు. డీ3 స్టాండర్డ్‌లో లేబుల్ పడని మామూలు ఎల్‌ఎస్‌డీ రవ్వంత ఉంటుంది. అర శాతం ఉందనుకోండి, మీరు వేసే 5 నానోగ్రాముల్లో 25 పికోగ్రాములు అదే. మీ లో క్యూసీ 50 పికోగ్రాములు. అంటే క్యూసీలో సగం విలువ మీ ఇంటర్నల్ స్టాండర్డే మోస్తోంది! 0.5 నానోగ్రాములకి తగ్గించండి, ఆ వాటా 2.5 పికోగ్రాములకి దిగుతుంది. ప్రతి బ్యాచ్‌లో రెండు రకాల ఖాళీలు పెట్టండి, ఒకటి ఏమీ వేయనిది, ఒకటి ఐఎస్ మాత్రమే వేసింది. మొదటిదాంట్లోనూ పీక్ వస్తే అప్పుడు సూది, వాల్వ్, క్యారీఓవర్ వెతకండి.

చీకటిగది

పీక్‌షేప్ గారు చెప్పినదంతా సరే. సాయంత్రానికి పీక్ పోవడం మాత్రం వేరే కథ, దాన్ని విడిగా చూడాలి.

మొదట ఐఎస్ ఏరియా చూడండి. పొద్దుటికీ సాయంత్రానికీ డీ3 కూడా అదే వంతున తగ్గితే మందు వయల్‌లోనే పోతోందన్నమాట. రేషియో మారదు కాబట్టి లెక్క నిలబడినట్టే కనిపిస్తుంది, కానీ సిగ్నల్ కిందికి జారి గుర్తింపు పరిమితి పోతుంది. డీ3 నిలకడగా ఉండి ఎల్‌ఎస్‌డీ ఒక్కటే తగ్గితే మాత్రం ఇంటిగ్రేషన్‌నో, మీ భుజం పీక్‌నో అనుమానించాలి, ఎందుకంటే రసాయనికంగా రెండూ ఒకే దెబ్బ తినాలి.

పోయే దారులు రెండు. ఒకటి గాజు. ఇంత తక్కువ మోతాదులో క్షార స్వభావమున్న అణువు గాజు గోడ మీది ఆమ్ల స్థానాలకి అంటుకుపోతుంది. వయల్‌లోని చిన్న ఇన్సర్ట్‌ని తలుచుకోండి: 100 మైక్రోలీటర్ల ద్రవానికి చుట్టూ ఎంత గాజు తగులుతోందో! పాలీప్రొపిలీన్ ఇన్సర్ట్‌లు వాడండి. గాజే గతి అంటే సిలనైజ్ చేసినవి. శాంపిల్ ట్యూబులకీ ఇదే మాట.

రెండోది వెలుతురు. అతినీలలోహిత కాంతి పడితే 9, 10 కార్బన్ల మధ్య ద్విబంధానికి నీటి అణువు వచ్చి చేరుతుంది. లూమి-ఎల్‌ఎస్‌డీ అంటారు. బరువు 18 పెరుగుతుంది, 342 దగ్గర చూస్తే దొరుకుతుంది. ఒకసారి ఆ ఛానల్ పెట్టి చూడండి, అక్కడ పీక్ లేస్తే దొంగ దొరికినట్టే. కిటికీ పక్కనున్న ఆటోశాంప్లర్, తెల్లటి పారదర్శక వయల్స్, తలుపు అద్దంలోంచి పడే ఎండ ఉంటే చాలు. కాషాయ రంగు వయల్స్, ఆటోశాంప్లర్ 4 నుంచి 8 డిగ్రీలు, పని చేసే బల్ల మీద పసుపు దీపం ఉంటే ఈ బాధ ఉండదు. అదే 1998 పరిశోధనలో ఆంబర్ గాజులోనూ, వెలుతురు చొరని పాలిథిన్ డబ్బాల్లోనూ పెట్టిన మూత్రంలో ఏ కాంతిలోనైనా మార్పు రాలేదు.

మన దగ్గర అసలు నష్టం ల్యాబ్‌కి రాకముందే జరిగిపోతుంది. ఆ పరిశోధన అంకెలు గోడకి అంటించుకోవాల్సినవి: 25 డిగ్రీల్లో నాలుగు వారాలు చెప్పుకోదగ్గ నష్టం లేదు, 37 డిగ్రీల్లో 30 శాతం దాకా పోయింది, 45 డిగ్రీల్లో 40 శాతం దాకా. మే నెలలో రెంటచింతల నుంచో రామగుండం నుంచో బయల్దేరిన పార్సిల్ లోపల ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ పార్సిల్ అంతకుముందు స్టేషన్ బీరువాలో రెండు వారాలు పడి ఉంటే, 0.3 నానోగ్రాములున్న శాంపిల్ మీ చేతికి వచ్చేసరికి 0.2 కావచ్చు. కూల్ బాక్సు, ఐస్ ప్యాకులు, సీసా చుట్టూ అల్యూమినియం ఫాయిల్, వచ్చిన వెంటనే మైనస్ 20. వచ్చినప్పటి ఉష్ణోగ్రత రిజిస్టర్లో రాయించండి, కోర్టులో అడుగుతారు.

ఇంకోటి. లోహ అయాన్లు కూడా ఎల్‌ఎస్‌డీని విరగ్గొడతాయి. బఫర్ నీళ్ళలో ఇనుము జాడ ఉన్నా చాలు. ఆ బఫర్‌లో కాస్త ఈడీటీఏ (లోహ అయాన్లని పట్టేసే రసాయనం) వేయండి. కుళాయి నీళ్ళు దగ్గరికి కూడా రానీయొద్దు, అందులోని క్లోరిన్ ఎల్‌ఎస్‌డీని తినేస్తుంది. మూత్రంలో బ్లీచింగ్ కలిపి ఇచ్చే తెలివి కూడా అక్కణ్ణుంచే వచ్చింది, కాబట్టి ఆక్సిడెంట్ పట్టీ పరీక్ష, క్రియాటినిన్ ముందే చేసి పెట్టుకోండి. క్రియాటినిన్ డెసిలీటర్‌కి 20 మి.గ్రా. కన్నా తక్కువ ఉంటే పలచబడ్డ శాంపిల్ అని రిపోర్టులో రాయాల్సిందే.

టాక్స్‌బెంచ్

ధన్యవాదాలు అండి ఇద్దరికీ. ఐఎస్ ఏరియా కూడా అదే వంతున తగ్గింది, కాబట్టి వయల్ సంగతే. 342 ఛానల్ పెడతాం. మరి కిట్‌లో పాజిటివ్ వచ్చి, ఎల్‌సీ-ఎమ్‌ఎస్‌లో ఏమీ లేనివి? అవి 0.5 దాటిన శాంపిల్స్. వేడికి 40 శాతం పోయినా 0.3 మిగలాలి కదా, అసలేమీ లేదు.

మందులచీటీ

ఆ రోగులకి దగ్గు ఉందేమో కనుక్కోండి.

నిజంగానే అంటున్నాను. ఆంబ్రాక్సాల్ అనే కఫం పలచబరిచే మందు సీడియా రకం ఎల్‌ఎస్‌డీ కిట్‌లో తప్పుడు పాజిటివ్ ఇస్తుందని 1998 ప్రాంతంలోనే జర్మనీ వాళ్ళు ప్రచురించారు. మన దేశంలో ఆంబ్రాక్సాల్ ఉన్న దగ్గు సిరప్‌లు ఎన్నో. సాల్బుటమాల్‌తోనో టెర్బుటలీన్‌తోనో, గ్వైఫెనెసిన్‌తోనో కలిపి ప్రతి మెడికల్ షాపులో అమ్ముతారు. ఈ ఒక్క కారణంగా అమాయకుడు దోషి అయ్యే ప్రమాదం మన దగ్గర ఎక్కువ. ఈ ముక్క మన కిట్‌ల కాగితాల్లో ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో ఉండటం నాకు మింగుడు పడదు.

చూసుకోవడం సులువే. అదే ఎక్స్‌ట్రాక్ట్‌ని ఫుల్ స్కాన్‌లో కొట్టి 377, 379, 381 దగ్గర చూడండి. రెండు బ్రోమిన్‌లున్న అణువు కాబట్టి మూడు గీతలు సుమారు 1:2:1 ఎత్తుల్లో నిలబడతాయి, మధ్యది పొడుగ్గా. 379 నుంచి 264 ట్రాన్సిషన్ కూడా పెట్టుకుంటే ఇంక సందేహమే ఉండదు.

ఐసీయూ నుంచి వచ్చిన శాంపిల్స్ అయితే ఫెంటానిల్ ఇచ్చారా అడగండి, అది కూడా కొన్ని కిట్‌లని మోసం చేసినట్టు రుజువైంది. 337 నుంచి 188 చూస్తే తెలిసిపోతుంది. మానసిక వైద్య విభాగం నుంచి వచ్చినవాటిలో హాలోపెరిడాల్, క్లోర్‌ప్రోమజీన్, సెర్ట్రలీన్, బుప్రోపియాన్, ఇంకా వాంతుల మందు మెటాక్లోప్రమైడ్, బీపీ మందుల్లో లాబెటలాల్, వెరపమిల్ వంటివి పాత ఎమిట్ కిట్ మీద అడ్డు తగిలినట్టు 1990లలోనే రాశారు. మతి చలించి అరుస్తున్న మనిషికి క్యాజువాలిటీలో మొదట పొడిచేది హాలోపెరిడాల్ ఇంజెక్షనే, మూత్రం పట్టేది ఆ తర్వాత. కాబట్టి శాంపిల్ ఫారంలో "ఇచ్చిన మందులు, ఇచ్చిన టైము" అనే గడి లేకపోతే ఈరోజే చేర్చండి. కిట్ ఫలితాన్ని ఎల్‌సీ-ఎమ్‌ఎస్ నిర్ధారణ లేకుండా "పాజిటివ్" అని బయటికి పంపకండి. "అనుమానం, నిర్ధారణ కాలేదు" అని రాయండి.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. ఎల్‌ఎస్‌డీ అని కొన్న బ్లాటర్‌లో (మందు పట్టించిన కాగితపు ముక్కలో) ఎల్‌ఎస్‌డీయే ఉండకపోవచ్చు. 25ఐ-ఎన్‌బోమ్ అనే ఫినెథైలమీన్ అలాగే అమ్ముడుపోయింది. దానికి ఎల్‌ఎస్‌డీ కిట్ స్పందించదు. ఎర్లిక్ రసాయనం ఎల్‌ఎస్‌డీతో ఊదా రంగుకి తిరుగుతుంది, ఎన్‌బోమ్‌లో ఆ రంగునిచ్చే ఇండోల్ వలయం లేదు కనుక రంగు మారదు. పద్ధతిలో 428 నుంచి 121, 91 చేర్చుకోండి. ఎల్‌ఎస్‌డీ కన్నా ఇది ప్రాణం మీదికి తెచ్చే మందు, దాని వల్ల మరణాలు సంభవించాయి. క్యాజువాలిటీ డాక్టరుకి ఆ తేడా తెలియడం చాలా అవసరం.

బాసెల్‌లెక్క

ఓ-హెచ్-ఎల్‌ఎస్‌డీ ఖర్చు గురించి అడిగారు. లెక్క వేసి చూపిస్తాను, మీరే తేల్చుకోండి.

ఎల్‌ఎస్‌డీని ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో తయారుచేసింది బాసెల్‌లో, దాని ప్రభావం 1943లో బయటపడిందీ అక్కడే. మనిషి శరీరంలో అది ఎలా నడుస్తుందో ఆధునిక పరికరాలతో కొలిచింది కూడా అదే ఊళ్ళోని యూనివర్సిటీ ఆసుపత్రి బృందం. 2015లో వాళ్ళు ఆరోగ్యవంతులకి 200 మైక్రోగ్రాములు ఇచ్చి మూత్రం 24 గంటలు పట్టారు. ఇచ్చినదాంట్లో ఎల్‌ఎస్‌డీగానే బయటికొచ్చింది 1 శాతం. ఓ-హెచ్-ఎల్‌ఎస్‌డీగా వచ్చింది 13 శాతం.

రోజుకి మూత్రం లీటరున్నర అనుకుందాం. 200 మైక్రోగ్రాముల్లో 1 శాతం 2 మైక్రోగ్రాములు, అంటే సగటున మి.లీ.కి 1.3 నానోగ్రాములు. 13 శాతం 26 మైక్రోగ్రాములు, మి.లీ.కి 17 నానోగ్రాములు. ఇప్పుడు మోతాదు 50 మైక్రోగ్రాములు చేయండి. ఎల్‌ఎస్‌డీ సగటు 0.33కి దిగింది, అంటే మీ కిట్ కటాఫ్ 0.5 కన్నా కిందికి. మెటబొలైట్ మాత్రం ఇంకా 4 నానోగ్రాముల పైనే ఉంది. మందు తీసుకున్న రోజే పట్టిన శాంపిల్ కూడా కిట్‌లో నెగటివ్ రావచ్చు, మీ ట్రిపుల్ క్వాడ్‌లో మెటబొలైట్ పీక్ కొండలా ఉంటుంది. అంతకుముందు వచ్చిన పోలిక అధ్యయనాల్లో పాజిటివ్ మూత్రాల్లో ఓ-హెచ్-ఎల్‌ఎస్‌డీ, ఎల్‌ఎస్‌డీ కన్నా 16 నుంచి 43 రెట్లు ఉన్నట్టు తేలింది. కాబట్టి ఆ స్టాండర్డ్‌కి పెట్టే ఖర్చు విలాసం కాదు. అది లేకుండా చేసే పద్ధతి సగం పద్ధతే.

చిన్న హెచ్చరిక. మెటబొలైట్‌కి డీ3 ఎల్‌ఎస్‌డీని ఐఎస్‌గా వాడితే అవి రెండూ కాలమ్ మీంచి వేరువేరు సమయాల్లో దిగుతాయి, మూత్రంలోని లవణాలు ఒకదాన్ని అణచి రెండోదాన్ని వదిలేస్తాయి. కనీసం ఆరుగురి ఖాళీ మూత్రాలు తీసుకోండి. శుద్ధ ద్రావణంలో స్టాండర్డ్, ఎక్స్‌ట్రాక్షన్ అయ్యాక కలిపింది, ఎక్స్‌ట్రాక్షన్‌కి ముందే కలిపింది, ఈ మూడు సెట్లు పోల్చండి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే మ్యాట్రిక్స్ ప్రభావం, మూడోదాన్ని రెండోదానితో భాగిస్తే రికవరీ. కాలిబ్రేటర్లు కూడా ఖాళీ మూత్రంలోనే తయారుచేయాలి, నీళ్ళలో కాదు. గ్లూకురోనైడ్ విడగొట్టడానికి రాత్రంతా 60 డిగ్రీల్లో ఎంజైమ్ పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. దీనికి అక్కర్లేదు. ఎల్‌ఎస్‌డీ కలిసి ఉండేది గ్లూకురోనైడ్‌తో కాదు, కలిసేవి 13, 14 స్థానాల్లో హైడ్రాక్సీ ఉన్న చిన్న మెటబొలైట్లు. మీరు వెతికేవాటిని ఆ వేడి పాడుచేస్తుంది, అంతే.

టాక్స్‌బెంచ్

లెక్క చూశాక ఇంక అడగడానికేం లేదు, ఇండెంట్ పెడతాం. రక్తం గురించి కూడా ఒక్క మాట. బండి నడిపి ప్రమాదం చేసినవాళ్ళ రక్తంలో ఇంత ఉంటే మత్తులో ఉన్నట్టు, ఇంత ఉంటే లేనట్టు అని రిపోర్టులో రాయమని అడుగుతున్నారు. అలాంటి అంకె ఏదైనా ఉందా? వెంట్రుకల పరీక్ష సంగతి కూడా అడుగుతున్నారు.

బాసెల్‌లెక్క

అలాంటి అంకె లేదు, రాయకండి. ఎందుకో చెబుతాను.

అదే బృందం 2017లో ఇచ్చిన అంకెలు: 100 మైక్రోగ్రాములు మింగితే ప్లాస్మాలో గరిష్ఠం మి.లీ.కి 1.3 నానోగ్రాములు, సుమారు 1.4 గంటలకి. అర్ధాయువు 2.6 గంటలు. ప్రభావం ఉన్నది సగటున 8.2 గంటలు. 200కి గరిష్ఠం 3.1, ప్రభావం 11.6 గంటలు. ఈ అర్ధాయువుతో లాగితే 100 మైక్రోగ్రాములవాడి రక్తంలో 12 గంటలకి 80 పికోగ్రాములు, 17 గంటలకి 20 పికోగ్రాములు ఉంటాయి. మీ రక్తం పద్ధతి 20 దాకా చూడగలిగితే ఆ తర్వాత చేతులెత్తేస్తుంది. కాబట్టి రక్తం తొందరగా తీయాలి, సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ ఉన్న బూడిద మూత ట్యూబులో, ఫాయిల్ చుట్టి.

కానీ ఈ సగటుని ఒక మనిషికి అంటగట్టడం తప్పు. ఎల్‌ఎస్‌డీని విడగొట్టే ఎంజైములు చాలా ఉన్నాయి, అందులో సీవైపీ2డీ6 ముఖ్యమైనది. పుట్టుకతో ఆ ఎంజైము పనిచేయనివాళ్ళలో శరీరం మీద పడే మొత్తం ఎల్‌ఎస్‌డీ సుమారు 75 శాతం ఎక్కువని అదే బాసెల్ బృందం 2021లో చూపింది. ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ లాంటి మందులు ఆ ఎంజైమునే అడ్డుకుంటాయి. రక్తంలో అంకె చూసి ఎంత తీసుకున్నాడు, ఎప్పుడు తీసుకున్నాడు అని వెనక్కి లెక్కేయడం అందుకే కుదరదు.

దానికన్నా గట్టి కారణం ఇంకోటి ఉంది. ఎల్‌ఎస్‌డీ ప్రభావం ముఖ్యంగా మెదడులోని 5-హెచ్‌టీ2ఏ అనే సెరొటోనిన్ గ్రాహకం ద్వారా నడుస్తుంది. 2017లో నార్త్ కరొలినా విశ్వవిద్యాలయం వాళ్ళు దాని తోబుట్టువు 5-హెచ్‌టీ2బీలో ఎల్‌ఎస్‌డీ కూర్చున్న స్ఫటిక నిర్మాణం చూపించారు. మందు లోపలికి దిగాక గ్రాహకం బయటి వలయం ఒకటి దాని మీద మూతలా వాలుతుంది. 2ఏలో ఆ మూతలోని 229వ ల్యూసిన్‌ని అలనీన్‌గా మారిస్తే ఎల్‌ఎస్‌డీ చాలా త్వరగా బయటపడింది. అంటే రక్తంలో ఎంతుందన్నదాన్ని బట్టే కాదు, గ్రాహకం ఎంతసేపు పట్టుకుందన్నదాన్ని బట్టి కూడా ప్రభావం ఉంటుంది. 2023లో బాసెల్ వాళ్ళే 100 మైక్రోగ్రాముల ఎల్‌ఎస్‌డీ ఇచ్చిన గంటకి 40 మి.గ్రా. కెటాన్సెరిన్ ఇచ్చారు. ఆ గ్రాహకాన్ని అడ్డుకునే మందు అది. ప్రభావం 8.5 గంటల నుంచి 3.5 గంటలకి పడిపోయింది, రక్తంలో ఎల్‌ఎస్‌డీ మాత్రం మారలేదు. ఒకే అంకె ఉన్న ఇద్దరిలో ఒకడికి మత్తు, ఇంకొకడికి లేదు! రిపోర్టులో "ఎల్‌ఎస్‌డీ ఉంది, ఇంత ఉంది, మా అనిశ్చితి ఇంత" అని ఆగిపోండి. మత్తులో ఉన్నాడా లేడా అన్నది మనిషిని చూసిన డాక్టరు రాసిన కేసు షీటు చెప్పాలి: కనుపాపలు, నాడి, బీపీ, టైము.

పీక్‌షేప్

వెంట్రుకల మాట. 2017లో హైదరాబాద్‌లో ఎల్‌ఎస్‌డీ కేసు నడిచినప్పుడు వెంట్రుకలు, గోళ్ళు అనే మాటలు పేపర్ల నిండా కనిపించాయి కాబట్టి అందరూ అదే అడుగుతారు. గంజాయి, యాంఫెటమైన్‌లాగా మిల్లీగ్రాముల్లో తీసుకునేవాటికి వెంట్రుకలు సరే. ఇది మైక్రోగ్రాముల మందు, వెంట్రుక మిల్లీగ్రాముకి కొన్ని పికోగ్రాములే చేరతాయి. ఒక్కసారి తీసుకున్నవాడి వెంట్రుకలో ఏమీ దొరక్కపోవచ్చు. నెగటివ్ వస్తే తీసుకోలేదని అర్థం కాదు, ఆ వాక్యం రిపోర్టులోనే రాయండి.

1పీ-ఎల్‌ఎస్‌డీ అనే అనలాగ్ గుర్తుంచుకోండి. శరీరంలో ప్రొపియోనైల్ గుంపు ఊడి ఎల్‌ఎస్‌డీగా మారిపోతుంది, సీరంలో బయట ఉంచినా మారుతుంది. మూత్రంలో ఎల్‌ఎస్‌డీ, దాని మెటబొలైట్ కనబడ్డాయంటే మింగింది ఎల్‌ఎస్‌డీయే అని ఖాయంగా చెప్పలేం. 380 నుంచి 279 పెట్టుకోండి, రక్తం తొందరగా తీసి చల్లగా ఉంచితే ఒక్కోసారి దొరుకుతుంది. చట్టం దగ్గర తేడా వచ్చేది ఇక్కడే. మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్‌లో ఎల్‌ఎస్‌డీకి చిన్న పరిమాణం 0.002 గ్రాములు, వాణిజ్య పరిమాణం 0.1 గ్రాము. కానీ అవి దొరికిన సరుకు బరువులు, మూత్రంలోని అంకెకి వాటితో సంబంధం లేదు. ఈ రెంటినీ కలిపి ప్రశ్న వేస్తే విడదీసి జవాబివ్వండి.

స్టాండర్డ్‌లు తెప్పించుకోవడానికి గ్వాలియర్‌లోని సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ దిగుమతి అనుమతి కావాలి. ఎల్‌ఎస్‌డీ, ఐసో, లాంపా, ఓ-హెచ్, డీ3, 1పీ అన్నీ ఒకే దరఖాస్తులో పెట్టండి. ఒక్కోటిగా తెప్పిస్తే ఒక్కోదానికీ అంతే సమయం పడుతుంది. ఆంపౌల్ తెరిచాక మిగిలినదాన్ని ఎసిటోనైట్రైల్‌లో చిన్న చిన్న ఆంబర్ వయల్స్‌గా పంచి మైనస్ 20లో పెట్టండి. ఒక్కో వయల్ ఒక్కసారే బయటికి రావాలి.

టాక్స్‌బెంచ్

342 ఛానల్‌లో పీక్ ఉందండి, సాయంత్రం ఇంజెక్షన్‌లో పెద్దది. ఆటోశాంప్లర్ అద్దానికి నల్ల కాగితం అంటించాం. ఖాళీగా వచ్చిన కిట్ పాజిటివ్‌లలో రెండింట్లో 377, 379, 381 మూడు గీతలూ కనబడ్డాయి. ఆ రెండు శాంపిల్స్‌కి ఫారంలో మందుల గడి ఖాళీగా ఉంది. పంపినవాళ్ళకి ఉత్తరం రాస్తున్నాం.